ట్రంకు పెట్టె, తీగ: నాయన పుస్తకం పని డైరీ

2025 మార్చి 30, ఆదివారం

ఈ రోజు ఉగాది. నాయన పోయి ఏడాది తిరగలేదు కాబట్టి ఇంట్లో పండుగ లేదు. సెలవు రోజు ఊరికే పోనివ్వడం ఎందుకని మంచం కింద ఉన్న ఆయన ట్రంకు పెట్టెను బయటకు లాగాను. బెంగళూరు రామమూర్తి నగర్‌లోని ఈ ఇంటికి మేము మారి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ పెట్టెను ఆయన తప్ప మరొకరు తెరవలేదు, తెరవాలని మాకు తోచనూ లేదు.

చేయదలచిన పని ఇది. సంవత్సరీకం శ్రావణ బహుళ పంచమినాడు, అంటే ఆగస్టు 13న వస్తుంది. ఆలోగా నాయన జీవితం మీద ఒక చిన్న పుస్తకం తయారు చేసి ఏడు ప్రతులు బైండు చేయించాలి: అమ్మకు, అన్నకు, అక్కకు, నాకు తలా ఒకటి, మనవళ్లకూ మనవరాళ్లకూ కలిపి మూడు. దానితో పాటు పెట్టెకు పట్టిన తుప్పు వదిలించాలి, పతకాలను ఒక చట్రంలో వరుసగా అమర్చాలి. నేను పనిచేసేది యంత్ర పరికరాల వర్క్‌షాపులో కాబట్టి తుప్పు సంగతి నాకు కొంత తెలుసు. పుస్తకం సంగతి తెలియదు.

నాయన గురించి ఎవరిని అడిగినా చెప్పే నాలుగు ముక్కలు ముందుగా రాసి పెట్టుకుంటున్నాను. మదనపల్లె దగ్గరి పల్లెలో పుట్టారు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజుల్లో, 1963లో, పద్దెనిమిదో ఏట సైన్యపు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో సాపర్‌గా, అంటే ఇంజినీరు దళపు సిపాయిగా చేరారు. ఆ గ్రూపు 1780లో రెండు కంపెనీల మద్రాస్ పయనీర్లతో మొదలైంది. దాని సెంటరు ఇక్కడే, అలసూరు చెరువు ఒడ్డున ఉంది. ఆయన ఇరవై నాలుగేళ్లు పనిచేసి, 1987లో హవల్దారుగా విరమించి, ఆ తర్వాత ఈ ఊళ్లోనే ఒక కర్మాగారం స్టోర్సులో పదిహేనేళ్లు ఉన్నారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య దారి చేసిన 9 ఇంజినీర్ రెజిమెంట్‌లో ఆయన ఉన్నారు. పుస్తకంలో మూడొంతులు ఆ యుద్ధమే ఉంటుందని ఈ రోజు అనుకుంటున్నాను.

పెట్టెలో ఉన్నవి: ఆకుపచ్చ ఉన్ని స్వెట్టరు, ఎనామెల్ మగ్గు, మెస్ టిన్ను, డిశ్చార్జి బుక్కు, బిస్కెట్ల డబ్బాలో పతకాలు, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన ఒక ఫొటోల కట్ట. మూత లోపలి వైపు వేంకటేశ్వరస్వామి క్యాలెండరు బొమ్మ అతికించి ఉంది. నాఫ్తలీన్ ఉండలు అరిగి బఠాణీ గింజలంత అయ్యాయి.

ఏప్రిల్ 6, ఆదివారం

తుప్పు పని మొదలైంది. ఇనుప తీగల బ్రష్షు వాడితే పెయింటు మీది అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి, కిరోసిన్‌లో ముంచిన పాత పంచె గుడ్డతో పైపూతగా ఉన్న తుప్పును మెత్తబరచి, బాగా సన్నరకం స్టీల్ ఊల్‌తో ఒకే దిశలో రుద్దుతూ పోయాను. రెండు పక్కలూ వెనుక భాగమూ ఈ పద్ధతికి లొంగాయి. అడుగు రేకు మాత్రం లొంగలేదు. పెట్టెను తలకిందులు చేసి, దాని లోపల తల పెట్టి ట్యూబ్‌లైటు వైపు చూస్తే సూదిమొనలంత వెలుతురు చుక్కలు ఐదు కనిపించాయి. వాటికి లోపలి నుంచి ఎం-సీల్ పెట్టి, ఆరాక రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేశాను. బయటి నలుపు జోలికి పోలేదు. పెట్టె కొత్తదిలా మెరవాలన్న కోరిక నాకు లేదు. అన్నకు ఉంది, ఫోనులో పావుగంట వాదించాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజు తప్పు చేశాను. మూత మీద తెల్ల అక్షరాల్లో నాయన నంబరు, హోదా, పేరు, చివర 56 ఏపీఓ (సైనిక తపాలా చిరునామా) అని ఇంగ్లీషులో రాసి ఉంది. రేకులో అక్షరాలు కత్తిరించి, ఆ రంధ్రాల మీదుగా పెయింటు అద్దిన రాత అది. వాటి మీది జిడ్డు తుడవడానికి సబ్బు నీళ్లు చాలేవి. నేను తొందరపడి దూదికి థిన్నరు అద్ది తుడిచాను. హవల్దారును సూచించే మూడు అక్షరాలూ దూదికి అంటుకుని వచ్చేశాయి.

చేయి ఆపి దీపం దగ్గరగా తెచ్చి చూశాను. పోయిన తెల్లరంగు కింద నల్లపూత, ఆ నల్లపూత కింద మళ్లీ తెల్లరంగు కనిపించింది. అవి నాయక్ హోదాను సూచించే రెండు అక్షరాలు. వాటి అంచున, ఇంకా లోతున, సాపర్‌కు రాసే మూడు అక్షరాల్లో మొదటిదాని వంపు సగం బయటపడింది. హోదా పెరిగినప్పుడల్లా నాయన ఆ ఒక్క చోట మాత్రం నలుపు పూసి, దాని మీద కొత్త హోదాను అద్దుతూ వచ్చారన్న మాట. నంబరు మారలేదు, పేరు మారలేదు, కాబట్టి అక్కడ పెయింటు పలుచగా ఉంది. హోదా ఉన్న చోట మాత్రం వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది. ఈ గట్టును ఇన్నేళ్లూ చూశాను గానీ, పెయింటు సరిగా పూయలేదనే అనుకున్నాను.

డిశ్చార్జి బుక్కు తీసి తేదీలు చూస్తే, సాపర్‌కూ నాయక్‌కూ మధ్య 1970లో లాన్స్ నాయక్ (చేతి మీద ఒకే ఫీతీ, అంటే ఒకే పట్టీ ఉండే హోదా) అయినట్టు ఉంది. పెట్టె మీద ఆ పొర లేదు. అమ్మను అడిగితే నవ్వింది.

“ఒక్క ఫీతీకి డబ్బా పెయింటు దండగ, రెండోది రానీ అన్నాడబ్బీ. ఆ ఏడు మీ అక్కకు ఊయల కొనాల్సి వచ్చింది.”

పోయిన అక్షరాలను తిరిగి అద్దను. మూడు హోదాలూ కలగలిసి కనిపించే ఆ చోటును అలాగే ఉంచి, మైనం పూత ఒకటి వేసి వదిలేశాను. పుస్తకంలో పెట్టడానికి మా అమ్మాయి దగ్గరగా ఫొటో తీసింది.

ఏప్రిల్ 27, ఆదివారం

పతకాలు మొత్తం ఆరు: 1965 రక్షా మెడల్, 1971 పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ల సేవకు ఒకటి, ఇరవై ఏళ్ల సేవకు ఒకటి. ఇందులో శౌర్య పతకం ఒక్కటీ లేదు. చిన్నప్పుడు బడిలో నేను వేరే రకంగా చెప్పుకున్న మాట నిజమే గనుక ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

పశ్చిమీ స్టార్ కంచు రంగు నక్షత్రం. తక్కినవి రూపాయి బిళ్లలా గుండ్రనివి. గుండ్రటి పతకం అంచు మీద, అంటే నాణేనికి గాట్లు ఉండే చోట, సైనికుడి నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పట్టుకుని పతకాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క అక్షరం చదవాలి. రక్షా మెడల్ అంచున ఆయన సాపర్. ఇరవై ఏళ్ల పతకం అంచుకు వచ్చేసరికి హవల్దారు. పేరులో రెండు చోట్ల రెండు రకాల స్పెల్లింగు ఉంది. మన ఊరి పేర్లను ఎక్కడి గుమస్తానో విన్నది విన్నట్టు రాసుకుంటే ఇంతే అవుతుంది.

చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయని అన్న సలహా. తోమితే మెరుపు వచ్చే మాట నిజమే గానీ, అంచు మీది గీతలు అరిగిపోతాయి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, పొడి గుడ్డతో అద్ది అంతటితో ఆపాను. రిబ్బన్లు మాత్రం పురుగు కొట్టి పోగులు పోగులుగా వచ్చాయి. శివాజీనగర్‌లో సైనిక యూనిఫారాలు కుట్టే ఒక దర్జీ దగ్గర 32 మిల్లీమీటర్ల వెడల్పు రిబ్బన్లు దొరికాయి. నేను పెద్ద పతకం గుండె వైపు రావాలనుకుని వరుస పేర్చుకుపోయాను. దర్జీ కళ్లద్దాలు పైకెత్తి చూసి, ఏమీ అనకుండా మొత్తం తిరగేసి పేర్చారు. ముందు వరుసలో వచ్చేది ఛాతీ మధ్యకు దగ్గరగా ఉండాలట. ఆ సంగతి నాయన పెళ్లిరోజు ఫొటో చూసి తెలుసుకుందామన్నా, అందులో ఆయన యూనిఫారం వేసుకోలేదు.

మే 11, ఆదివారం

వారమంతా టీవీలో సరిహద్దు వార్తలే. నిన్న సాయంత్రం కాల్పులు ఆగాయని చెప్పగానే అమ్మ టీవీ కట్టేసి, పది రోజులుగా పక్కన పెట్టిన ఒక మాట చెప్పింది.

“పెట్టెలో ఉత్తరాలు లేవని వెతుకుతున్నావు కదా. ఆయన పెట్టెలో ఆయనకు వచ్చినవి ఉంటాయి. ఆయన రాసినవి నా దగ్గర కదా ఉండాల. ఊర్లో అటక మీద తీగ ఉంది, చూడమను మీ అన్నను.”

అన్న ఈ రోజు మదనపల్లె నుంచి బస్సులో తెచ్చాడు. మూరెడు పొడవున్న ఇనుప తీగ, పైన కొక్కెంలా వంచి ఉంది, అడుగున చెక్క బిళ్ల. కిరాణా కొట్లలో బిల్లులు గుచ్చే తీగ ఎలా ఉంటుందో అలాగే. దాని నిండా మనియార్డరు కూపన్లు. లెక్కపెడితే 212.

మా అమ్మాయికి మనియార్డరు అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. ఫారం అడుగున చిన్న చీటీ ఒకటి ఉండేదనీ, డబ్బు పంపేవారు అందులో రెండు మూడు పంక్తులు రాసుకునే వీలుండేదనీ, పోస్టుమ్యాన్ డబ్బుతో పాటు ఆ చీటీని చించి ఇచ్చేవాడనీ చెప్పాను. 1880లో మొదలైన ఆ పాత పద్ధతి 2015లో ఆగిపోయింది. “ఫోన్‌పేలో డబ్బు పంపేటప్పుడు కింద నోటు రాస్తాం కదా, అదే కదా నాన్నా” అంది. దాదాపు అదే.

1963 నుంచి 1968 వరకు కూపన్లు మా అవ్వ పేరు మీద వచ్చాయి. అవ్వకు చదువు రాదు. పోస్టుమ్యానే చదివి వినిపించి, తీగకు గుచ్చి పోయేవాడట. పెళ్లయ్యాక అమ్మ పేరు మీద వచ్చాయి. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది.

మే 25, ఆదివారం

స్కానింగు. ఒక్కో కూపన్‌ను రెండు వైపులా 600 డీపీఐలో తీస్తున్నాము. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత తీగ మీద దాని వరుస సంఖ్య. వరుస సంఖ్య పెట్టమన్నది మా అమ్మాయే. తేదీ ముద్ర సరిగా పడని కూపన్లు ముప్పైకి పైగా ఉన్నాయి, వాటి కాలం తెలిసేది తీగ మీద అటూ ఇటూ ఉన్నవాటిని బట్టే. అందుకని తీగ నుంచి తీసే ముందే ప్రతి దాని వెనుక మూలన మెత్తటి పెన్సిలుతో అంకె వేశాము.

రెండో తప్పు ఇక్కడ జరిగింది. మడతలు పడిన కూపన్లను అద్దుడు కాగితాల మధ్య కొంచెం చెమ్మగిల్లజేసి బరువు కింద పెడితే చదునుగా వస్తాయి. పన్నెండింటికి అలా చేస్తే పదకొండు చక్కగా వచ్చాయి. పన్నెండోది కాపీయింగ్ పెన్సిలుతో రాసింది. తడి తగిలితే ఊదారంగు సిరాగా మారే పెన్సిలు అది. పొద్దున తీసి చూసేసరికి చీటీ అంతా వంకాయ రంగు మరక. స్కాను చేయక ముందే తడిపాను, అదీ నా బుద్ధి. 1967 ఆగస్టులో నాయన అవ్వకు ఏం రాశారో ఇక తెలియదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నియమం: ముందు స్కాను, ఆ తర్వాతే ఇంకేదైనా.

జూన్ 15, ఆదివారం

మూడు వారాలుగా రాత్రి భోజనం తర్వాత అమ్మ చదువుతుంటే నేను టైపు చేస్తున్నాను. నాయన రాతను అమ్మ కంటే వేగంగా చదవగలవారు ఎవరూ లేరు.

ప్రతి కూపన్‌కూ నడుమ తీగ దిగిన రంధ్రం ఉంది. అది ఎక్కడో ఒక మాటను మింగుతుంది. మింగిన అక్షరాలను నేను చదరపు కుండలీకరణాల్లో పూరిస్తూ వచ్చాను. 1970 నాటి ఒక కూపన్‌లో క ఒక్కటీ మిగిలి, దాని పక్కన రంధ్రం, ఆ తర్వాత ‘నొప్పి తగ్గిందా’ అని ఉంది. నేను కంటినొప్పి అని కొట్టాను. అమ్మ వెనుక నుంచి చూసి, “కన్ను కాదు, కడుపు. మీ అక్క కడుపులో ఉండింది అప్పుడు” అంది. అలాంటివి పదిహేడు దిద్దింది. ఒక్కచోట మాత్రం ఎంత చూసినా తెలియలేదని, అక్కడ చుక్కలు పెట్టమని చెప్పింది.

అవ్వకు రాసిన మొదటి కూపన్లలో ఒకటి: “అమ్మకు నమస్కారం. నాకు రొట్టె అలవాటైంది. నువ్వు మందు మానొద్దు.” నలభై రూపాయలు పంపారు. తర్వాతివి చాలా వరకు వాన గురించే. వాన పడిందా, ఎన్ని పదునులు పడింది, చెరువుకు నీళ్లు వచ్చినాయా. 1969లో: “శెనక్కాయలు తొందరపడి అమ్మొద్దు. సంక్రాంతి దాకా చూడు.” సైనిక తపాలా ముద్రలో ఊరి పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది, కాబట్టి ఈ మాటలు పంజాబు నుంచి వచ్చాయో, సికింద్రాబాదు నుంచి వచ్చాయో చీటీని చూసి చెప్పలేము. మా పల్లెలో వాన గురించి అడుగుతున్నవాడు మంచులో ఉన్నాడా ఎండలో ఉన్నాడా అన్నది డిశ్చార్జి బుక్కుతో పోల్చి చూసుకోవలసిందే.

1978లో ఒకటి అన్నకు చూపించలేదు. “పెద్దోనికి నోటుబుక్కులు కొనివ్వు. ఎన్నో తరగతో మరిచిపోతిని, రాయి.”

ఇక 1971. నవంబరు కూపన్ ఉంది. డిసెంబరుది లేదు. ఏడాదికి రెండు నెలల సెలవులో ఇంటికి వచ్చినప్పుడు తప్ప తీగ మీద నాయన నెల తప్పింది అదొక్కసారే. జనవరి కూపన్ మీద రెట్టింపు మొత్తం ఉంది.

“పోయిన నెల పంపలేకపోతిని. రెండు నెలలది కలిపి పంపినాను. నల్లావు ఈనిందా? పాప పాలు బాగా తాగుతున్నదా?”

యుద్ధం గురించి ఆయన రాసింది ఇంతే. ఆ డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. 17 రాత్రి 8 గంటలకు పశ్చిమ సరిహద్దులో కాల్పులు ఆగాయి. ఆ రెంటి నడుమ షకర్‌గఢ్ ప్రాంతంలో, 15వ తేదీ రాత్రి, పదాతిదళం బసంతర్ నది దాటి అవతలి ఒడ్డున నిలిచింది. వారికి తోడుగా ట్యాంకులు పోవాలంటే లోతైన మందుపాతరల పొలం గుండా దారి తెరవాలి. ఆ దారి తెరిచే పని 9 ఇంజినీర్ రెజిమెంట్‌ది. పాతరలను వెతికి తొలగించి, శుభ్రమైన దారికి రెండు వైపులా తెల్ల నాడా కట్టుకుంటూ పోతారు; వెనుక వచ్చేవారు ఆ నాడాల మధ్యనే నడవాలి. దారి పూర్తికాక ముందే అవతలి నుంచి పిలుపు రావడంతో 17 పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు మిగిలిన పాతరల మీదుగానే సాగిపోయాయి. మరుసటి రోజు పోరాటంలోనే ఇరవై ఒక్క ఏళ్ల అరుణ్ ఖేత్రపాల్ మరణించి పరమవీరచక్ర పొందారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. నాయన మాత్రం మేము ఎన్నిసార్లు అడిగినా ఒకే వాక్యం చెప్పేవారు: “నాడా పట్టుకోని నడిచినాను, అంతే.”

దాన్ని వినయమని నేను అనుకునేవాణ్ని. ఇప్పుడు వేరుగా అనిపిస్తోంది. అక్క పెళ్లప్పుడు, చేలో శెనక్కాయ పంట ఉండగా, రోడ్డు నుంచి పందిరి దాకా మేకులు దిగ్గొట్టి, రెండు వైపులా తెల్ల నాడా కట్టి, వచ్చినవారంతా ఆ నడుమనే నడవాలని నాయన పట్టుబట్టారు. రెండు వందల మంది వచ్చారు. ఒక్క మొక్క తొక్కుడు పడలేదు. ఆ రోజు నాడా కట్టిన పద్ధతిని ఆయన మాకు అరగంట వివరించారు. తెలిసిన పని గురించి ఎంతసేపైనా చెప్పేవారు. మనుషులు పోయిన రాత్రి గురించే ఒక్క వాక్యం.

జూన్ 29, ఆదివారం

చిన్న చిక్కు. పుస్తకంలో అమ్మ పేరు ఎలా వేయాలి? పెళ్లి, పిల్లల పుట్టుక వంటివన్నీ సైన్యంలో పార్ట్ టూ ఆర్డరుగా నమోదవుతాయి. అందులో అమ్మ పేరు చివర దేవి అని, ఆధార్‌లో అమ్మ అని ఉంది. ఈ తేడా వల్లనే కుటుంబ పింఛను ఐదు నెలలు ఆలస్యమైంది. ఒక కార్యాలయంలో కిటికీ దగ్గర మూడుసార్లు అఫిడవిట్టు మార్చమన్నారు, మూడోసారి మొదటి నమూనాయే సరైనదన్నారు. సైనికుల కుటుంబాల వారు ఎవరైనా ఇది చదివితే, ఇద్దరూ ఉండగానే ఆ నమోదును ఆధార్‌తో పోల్చి చూసుకోవడం మంచిది. పుస్తకంలో కూపన్ల మీద నాయన రాసిన పేరే వేస్తున్నాము.

జూలై 6, ఆదివారం

సెంటరు వైపు వెళ్లి అస్సాయె రోడ్డు, మియానీ అవెన్యూ ఫొటోలు తీసుకుని వచ్చాను. మద్రాస్ సాపర్లు పోరాడిన యుద్ధాల పేర్లు అవి, ఒకటి 1803, ఒకటి 1843. ముళ్లకంచెలను పేల్చే బెంగళూరు టార్పెడోను కూడా 1912లో ఇక్కడి సాపర్ల మధ్య పనిచేసిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ కనిపెట్టాడు. మనవళ్లకు ఈ కథ చెప్పి, “మన ఊరి పేరు పెట్టుకున్న బాంబు” అని నాయన మురిసేవారు. ఆ మాటకు పుస్తకంలో ఒక పేజీ.

జూలై 20, ఆదివారం

నిన్న అవెన్యూ రోడ్డు సందులోని బైండరు దగ్గరకు వెళ్లాను. బళ్లారి వైపు తెలుగు మాట్లాడే పెద్దాయన. నేను తీసుకుపోయిన నమూనాను బొటనవేలితో ఒకసారి ఫరఫరలాడించి, “ఎన్ని పేజీలు?” అన్నారు. నూట ఒకటి అన్నాను.

“పదహారు పేజీలకు ఒక ఫారం. ఆరు ఫారాలు తొంభై ఆరు, ఏడు ఫారాలు నూట పన్నెండు. నూట ఒకటి ఎక్కడి లెక్క? పదకొండు తెల్ల పేజీలు పెడతావా, ఐదు పేజీలు తీస్తావా?”

అతికించే బైండింగు అయితే ఎన్ని పేజీలైనా ఫరవాలేదు గానీ, తెరిచి పెడితే పుస్తకం నిలవదు, పదేళ్లకు పేజీలు ఊడతాయి. ఫారాలు కుట్టిందే కావాలన్నాను. ఐదు పేజీలు తీసుకొస్తానని చెప్పి బయటికి వచ్చి, చిక్కపేట మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని నమూనా తిరగేశాను.

కూపన్లు అసలు కొలతలో, పేజీకి మూడు చొప్పున ఉన్నాయి. వాటిలో ఏదీ తీయలేను. అమ్మ చెప్పిన మాటలు తీయలేను. మిగిలింది 1971 అధ్యాయం. అందులో ఇరవై మూడు పేజీలు రాశాను, రాసేటప్పుడు చాలా గర్వపడ్డాను. ఏ డివిజను ఎటు నుంచి కదిలింది, ఏ బ్రిగేడు ఎక్కడ నిలిచింది అన్నీ ఉన్నాయి. నాయన ఉన్నది మాత్రం రెండు పేజీల్లో. ఆ అధ్యాయంలో ఐదు పేజీలు కొట్టేద్దామని పెన్ను తీసినవాణ్ని, ఇంటికి చేరేసరికి పదిహేడు కొట్టేశాను. ఆ చోటులో, పేజీల పరిమితి వల్ల వదిలేసిన ముప్పై ఆరు కూపన్లు వచ్చి చేరాయి. లెక్క తొంభై ఆరుకు సరిపోయింది. డిసెంబరు 1971 కూపన్ ఉండవలసిన స్థలాన్ని, చీటీ కొలతకు సరిపడా, ఖాళీగా వదిలాము.

రంధ్రాలను కంప్యూటరులో పూడ్చేద్దామా అని మా అమ్మాయి అడిగింది. వద్దన్నాను. అచ్చులో అవి బూడిదరంగు చుక్కలుగా కనిపిస్తాయి, కనిపించనీ.

ఆగస్టు 10, ఆదివారం

ఏడు ప్రతులూ వచ్చాయి. అట్టకు ముదురు ఆకుపచ్చ కాలికో గుడ్డ. నాయన స్వెట్టరు రంగుకు దగ్గరగా ఉన్న తాను కోసం చిక్కపేటలో నాలుగు దుకాణాలు తిరిగాను. పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే నిలుస్తుంది. మొదటి పేజీలో ఏ హోదా వేయాలన్నది చివరి వరకు తేలలేదు. అన్న హవల్దారు అన్నాడు, పెన్షను కాగితాల్లో ఉన్నది అదే కదా అని. పెట్టె మూత ఫొటోనే అక్కడ వేశాము; మూడూ ఉన్నాయి, కావలసినవారు కావలసింది చదువుకుంటారు.

అసలు కూపన్లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఆల్బమ్ చేయాలని నా ఆలోచన. ఆల్బమ్ కూడా కొన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “తీగకు గుచ్చినవి తీగకే గుచ్చు” అంది. పాత తీగ తుప్పు మళ్లీ కాగితానికి అంటుతుందని చెప్పి, వర్క్‌షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ ఒకటి సన్నగా సానపట్టి, పైన అదే కొక్కెం వంచి తెచ్చాను. పాత చెక్క బిళ్లనే అడుగున బిగించాను. వెనుక వేసిన అంకెల ప్రకారం ఒకటో నంబరు అడుగున, 212 పైన. పాత రంధ్రంలోంచే దూర్చాలి, కొత్త చిల్లు పడకూడదు. రెండు గంటలు పట్టింది.

ఆగస్టు 17, ఆదివారం

సంవత్సరీకం బుధవారం జరిగింది. భోజనాలయ్యాక అక్క పుస్తకం తీసి, తన పేరు మీద వేలు పెట్టుకుంటూ సాయంత్రం దాకా చదివింది. అన్న 1978 కూపన్ ఉన్న పేజీ దగ్గర ఆగి, “ఐదో తరగతి” అని పెన్సిలుతో పక్కన రాశాడు. 43వ పేజీలో ఒక అచ్చుతప్పు ఉంది. శెనక్కాయల ధర వంద దగ్గర ఒక సున్నా ఎక్కువ పడింది. ఏడు ప్రతుల్లోనూ చేత్తో దిద్దాలి, మూడు దిద్దాను.

ట్రంకు పెట్టె అమ్మ మంచం కిందికి తిరిగి వెళ్లింది. అందులో ఇప్పుడు ఆమె దుప్పట్లు ఉన్నాయి. నాఫ్తలీన్ ఉండలు కొనుక్కొచ్చాను గానీ ఆ వాసన పడదని తీసేసి వేపాకు పరిచింది.